బోయజు పొలంలో నీళ్ల కుండలు



ధ్యాన భాగం: రూతు గ్రంథము 2వ అధ్యాయము, 1 నుండి 16 వచనాలు.

ఈ వారం నేను రాస్తున్న సంగతి ప్రసంగ వేదిక మీద నుంచి సాధారణంగా వినపడదు. పనికి వెళ్లిన మనిషికి ఒంటికో రెంటికో వస్తే ఎక్కడికి వెళ్లాలి? దాహమేస్తే కడుపునిండా నీళ్లు తాగగలదా? నెలసరి రోజుల్లో పొలంలో ఉన్న చెల్లి ఏం చేస్తుంది? పాస్టరుగారు ఇవేం మాటలు రాస్తున్నారని కొందరికి అనిపించవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి. పరిశుద్ధ గ్రంథం ఈ మాటలకు సిగ్గుపడలేదని మీరే చూస్తారు.

జనవరి వచ్చిందంటే మా పల్నాటి వైపు మిరప కోతలు ఊపందుకుంటాయి. చీకటితోనే ఆటోలు వీధిలోకి వచ్చి హారన్ కొడతాయి. అక్కచెల్లెళ్లు క్యారేజీలు పట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఎక్కుతారు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వలస వచ్చి, చేల పక్కనే గుడారాలు వేసుకుని ఉంటారు. సాయంత్రం ఎర్రటి కళ్లతో, మండుతున్న చేతులతో తిరిగి వస్తారు. బుధవారం సాయంత్రం స్త్రీల కూడికకు అదే అలసటతో వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని పాటలు పాడతారు. వారి విశ్వాసం చూసి నేనెన్నోసార్లు దేవుణ్ణి స్తుతించాను.

పోయిన కోతల కాలంలో మన సంఘపు సహోదరి ఒకామె జ్వరంతో మంచం పట్టింది. ప్రార్థన చేయమని కబురు వస్తే నేనూ, నా భార్యా వెళ్లాం. నడుములో నొప్పి, వణుకుతూ జ్వరం, మూత్రంలో మంట. నేను ప్రార్థన చేసి బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆమె నా భార్యతో అసలు సంగతి చెప్పింది. తెల్లవారుజామున ఇంటి నుంచి బయలుదేరితే మళ్లీ ఇంటికి వచ్చేదాకా ఒంటికి వెళ్లదట. అందుకని నీళ్లే తాగదట. "తాగితే లేవాలి గదమ్మా, లేస్తే ఎక్కడికని పోతాం?" అందట. పట్నంలో డాక్టరుగారు చూసి, ఇన్ఫెక్షన్ మూత్రపిండం దాకా పాకిందని చెప్పి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నీళ్లు తక్కువ తాగి, ఎండలో చెమటోడ్చి, వచ్చినదాన్ని గంటల తరబడి ఆపుకుంటే ఇలాగే అవుతుందని చెప్పి పంపారు. ప్రాణాపాయం తప్పింది, దేవునికి స్తోత్రం. కానీ ఆ కోతల కూలి అంతా పోయింది, పైన అప్పు మిగిలింది. పేరు రాయకుండా ఈ సంగతి రాయమని ఆమే చెప్పింది. మిగతా ఆడపిల్లలకైనా బుద్ధి వస్తుందంది. బుద్ధి రావలసింది ఆడపిల్లలకు కాదని నేనన్నాను.

ఆ తరువాత స్త్రీల కూడికలో నా భార్య ఈ మాట ఎత్తింది. నేను ఉంటే ఎవరూ నోరు విప్పరు కాబట్టి ఆ రోజు నేను వెళ్లలేదు. ఇంటికి వచ్చి ఆమె చెప్పినవి వింటే, ఆ సహోదరి ఒక్కర్తే కాదని తెలిసింది. దాదాపు అందరిదీ అదే పద్ధతి. పొద్దున టీ కూడా మానేసేవారున్నారు. మధ్యాహ్నం అన్నంలో మజ్జిగ వద్దనేవారున్నారు. తప్పనిసరైతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తారు, ఒకరు కూర్చుంటే మిగతావాళ్లు చీర కొంగు చాపి నిలబడతారు. ఇదివరకు డొంకల్లో కంప చెట్లుండేవి, కాలవ గట్టు మీద తుమ్మలుండేవి, చాటు దొరికేది. ఇప్పుడు గట్టు దాకా దున్నేశారు. మిరప చేను నడుము ఎత్తు కూడా దాటదు. అవతల చేలో మందు కొట్టే మగవాళ్లుంటారు, దారిలో బండ్ల మీద పోయేవాళ్లుంటారు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి.

ఇక మిరపకాయ కోసిన చేతి సంగతి. ఆ ఘాటు సబ్బుతో కడిగినా వదలదు. ఆ చేతితో ఒంటికి వెళ్లినా, నెలసరి గుడ్డ మార్చుకున్నా ఏమవుతుందో నేను వివరించనక్కరలేదు. కడుక్కోవడానికి చేలో ఉన్నది తాగడానికి తెచ్చుకున్న నీళ్లే. కిలోకి ఇంత అని కూలి తీసుకునేవారికి లేచి వెళ్లిన ప్రతిసారీ కాయ తగ్గుతుంది, కాయ తగ్గితే కూలి తగ్గుతుంది. ముఠాలో ఉన్నవారికి వెనుకబడ్డావని మాట పడాల్సి వస్తుంది.

ఇది మా పొలాలతో ఆగిపోయే సంగతి కూడా కాదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా నుంచి చెరకు కోతకు వలస వెళ్లే స్త్రీల గురించి 2019లో పత్రికల్లో వచ్చింది. నెలసరికి ఒకరోజు పని మానితే జరిమానా. అందుకని చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకుంటున్నారని రాశారు. ప్రభుత్వం వేసిన కమిటీ సుమారు 82 వేల మంది స్త్రీలను విచారిస్తే, 13 వేలమందికి పైగా ఆ ఆపరేషన్ జరిగి ఉంది. మన రాష్ట్రాల సంగతి చూద్దామంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ పొలానికే ముడిపెట్టను. కానీ దేవుడు అమర్చిన శరీరం పనికి అడ్డమని తీసేయించుకునే స్థితికి ఒక మనిషి వస్తే, అక్కడ పని అనేది యజమాని స్థానం దాటి దేవుని స్థానంలో కూర్చుందని అర్థం.

మా అమ్మ కూడా కలుపు తీతకు, నాట్లకు వెళ్లేది. సాయంత్రం గడప దాటగానే బిందె దగ్గరకు వెళ్లి, చెంబు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగేది. మేం పిల్లలం గటగటమనే ఆ చప్పుడు విని నవ్వేవాళ్లం. అమ్మకు అంత దాహమెందుకో ఆ వయసులో మాకు అర్థమయ్యేది కాదు, ఆమె చెప్పేదీ కాదు. అలాంటి చెంబుల మీద పెరిగిన పిల్లలం మనలో చాలామందిమి ఉన్నాం.

ఇప్పుడు వాక్యానికి వద్దాం.

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం 12 నుంచి 14 వచనాలు తీసి చదవండి. ఇశ్రాయేలీయులు యుద్ధానికి వెళ్లినప్పుడు దండు బయట ఒక చోటు ఏర్పరచుకోవాలి. ఆయుధాలతో పాటు ప్రతివాడి దగ్గర తవ్వుకోవడానికి ఒక పనిముట్టు ఉండాలి. పని అయ్యాక కప్పివేయాలి. కారణం కూడా అక్కడే ఉంది, దేవుడు ఆ దండు మధ్య సంచరిస్తున్నాడు. సీనాయి మీద పది ఆజ్ఞలిచ్చిన దేవుడే దీని గురించి కూడా మాట్లాడాడు. గమనించండి, నేను సంచరిస్తున్నాను కాబట్టి మీరు ఆపుకోండి అని ఆయన చెప్పలేదు. ఒక చోటు ఏర్పాటు చేయండి అన్నాడు. ఆయన పరిశుద్ధత మన శరీరాన్ని శిక్షించలేదు, దానికొక మరుగు కల్పించింది.

సౌలు రాజు గుహలోకి వెళ్లింది ఎందుకో మొదటి సమూయేలు 24:3లో ఉంది. హెబ్రీ భాషలో దానికి కాళ్లు కప్పుకోవడం అనే మర్యాద మాట వాడారు. రాజైనా, మూడువేల మంది సైన్యం వెంట ఉన్నా, ఆ పనికి ఒక చాటు వెదుక్కోవాల్సిందే. మార్కు 7వ అధ్యాయంలో, మనిషిని అపవిత్రపరచేది లోపలికి పోయే ఆహారం కాదని చెబుతూ ప్రభువు మరుగుదొడ్డి పేరే ఎత్తాడు. గ్రీకులో అక్కడున్న అఫెద్రోన్ అనే మాటకు అర్థం అదే. సెమినరీలో ఆ మాట చదివిన రోజు తరగతిలో కొందరు నవ్వారు. మా అయ్యగారు నవ్వలేదు. ప్రభువు నిజంగా శరీరధారి అయ్యాడని నమ్మేవాడు ఇక్కడ నవ్వడు అన్నారు. ఆ మాట ఇరవై ఏళ్లుగా నాతోనే ఉంది.

నిజమే కదా. సమరయ బావి దగ్గర ఆయన అలసి కూర్చున్నాడు, దాహమని నీళ్లు అడిగాడు. శిష్యులకు భోజనం చేయడానికి కూడా తీరిక లేకపోతే, ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నాడు. ఏలీయా చనిపోవాలని కోరుకున్నప్పుడు దూత మొదట ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ నిద్రపోనిచ్చాడు. శరీరం ఆత్మకు శత్రువని మనవాళ్లలో ఒక ఆలోచన ఉంది, అది వాక్యంలో నుంచి వచ్చింది కాదు.

ఇక బోయజు పొలం. యవల కోత కాలం. మోయాబు నుంచి వచ్చిన విధవరాలు రూతు, పరాయి దేశస్థురాలు, పరిగె ఏరుకోవడానికి వచ్చింది. బోయజు ఆమెతో ఏమన్నాడో 9వ వచనంలో చూడండి. నిన్ను ముట్టకూడదని పనివాళ్లకు ఆజ్ఞాపించానన్నాడు. దాహమైతే కుండల దగ్గరకు వెళ్లి పనివాళ్లు చేదిన నీళ్లు తాగమన్నాడు. ఈ రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. ఎన్నోసార్లు చదివిన ఈ వచనాన్ని, ఆ సహోదరి మంచం దగ్గర నుంచి వచ్చాక మళ్లీ చదివితే నాకు ఒక సంగతి కనబడింది. ఆడమనిషికి నీళ్లు, భద్రత వేరువేరు కావు. భయం లేని చోటే ఆమె నీళ్లు తాగుతుంది. కుండ నిండుగా పెట్టి, చుట్టూ భయాన్ని అలాగే ఉంచితే ఆ కుండ సాయంత్రానికి కూడా నిండుగానే ఉంటుంది. మా చేలల్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. రైతు క్యాన్లలో నీళ్లు తెప్పిస్తాడు, అవి సగం తిరిగిపోతాయి.

ఇంకొకటి. ఆ కాలంలో నీళ్లు చేదేది మామూలుగా ఆడవాళ్లు. ఇక్కడ మగవాళ్లు చేదితే పరాయి ఊరి స్త్రీ తాగింది. అడగకముందే పెద్దమనిషి నోరు విప్పాడు కాబట్టి అది జరిగింది. రూతు తనంతట తాను అడిగి ఉండేది కాదు. అడగలేనివారి అవసరాన్ని ముందుగా ఎరిగి మాట్లాడటమే బోయజు చేసిన మేలు. భోజనం వేళ కూడా ఆయన తానే పిలిచాడు.

అడగలేనివారు పొలాల్లోనే కాదు, ఎన్నో చోట్ల ఉన్నారు. మన దేశంలో రైలు 1853లో మొదలైంది. నడిపే డ్రైవరు కోసం మరుగుదొడ్డి ఉన్న మొదటి ఇంజన్ 2016లో గాని రాలేదు. అన్నేళ్లు వేలమందిని గమ్యం చేర్చినవారు తమ అవసరాన్ని ఆపుకుంటూనే చేర్చారు. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధిలో బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలకు మరుగుదొడ్డి ఉండేది కాదు, గిరాకీ లేనప్పుడైనా కూర్చోవడానికి వీలుండేది కాదు. విజి అనే దర్జీ పనిచేసే ఆమె వారిని కూడగట్టి ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టం సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అలాగే చేసింది. కూర్చోవడానికి చట్టం చేయాల్సి వచ్చిందంటే చూడండి.

ఫ్యాక్టరీల సంగతి 1948 నాటి చట్టంలోనే రాశారు. తాగునీళ్లు ఉండాలి, ఆడవారికీ మగవారికీ వేరువేరుగా మరుగుదొడ్లు ఉండాలి, వాటిని శుభ్రంగా ఉంచాలి అని. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని దగ్గర నీళ్లు, పిల్లలకు నీడ, విశ్రాంతి సమయం, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. నాలుగు గోడలున్న ఫ్యాక్టరీకి తనిఖీ అధికారి వస్తాడేమో గాని, మిరప చేలోకి ఎవరు వస్తారు? అక్కడ మనస్సాక్షే రావాలి. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దని ధర్మశాస్త్రం చెప్పింది. ఎద్దు నోటి గురించే ఆలోచించిన దేవుడు, చేలో వంగి కాయ కోసే తన కుమార్తె గురించి ఆలోచించడా?

ఈ సంగతి మన సంఘ పెద్దల కూడికలో పెట్టాం. మీలో చాలామందికి తెలుసు, మందిరం వెనుక స్నానాల గది, మరుగుదొడ్డి ఉన్నాయి. ఆదివారం తీసి, మిగతా రోజులు తాళం వేస్తాం. మందిరం ఊరి చివర చేల పక్కనే ఉంది కాబట్టి, కోతల కాలంలో వారమంతా తెరిచి ఉంచుదామని అడిగాను. ఒక పెద్దాయన, ఎంతో భక్తిగల మనిషి, "అయ్యగారూ, దేవుని మందిరం ఆవరణ గదా, ఎవరుపడితే వారు వస్తే పరిశుద్ధత ఏముంటుంది?" అన్నారు. ఆయన మాట తేలికగా తీసేసేది కాదు. ద్వితీయోపదేశకాండం భాగం తీసి ఆయన చేతే చదివించాను. చదివి కాసేపు ఊరుకున్నారు. తరువాత, "సరే, మరి కడిగేదెవరు?" అన్నారు. అసలు ప్రశ్న అదే. కరెంటు బిల్లు, నీళ్ల మోటారు అందరం సర్దుకోగలం. కడిగే పని మాత్రం ఒక కులం మీదో, ఒక పేద విధవరాలి మీదో పడేస్తే, ఒకరి అవమానం తీయడానికి ఇంకొకరిని అవమానపరచినట్లే. చివరికి యౌవనస్థులు వంతులు వేసుకున్నారు. శనివారం వంతు నాది. ఆ పెద్దాయన ఫినాయిల్ ఖర్చు తనదన్నారు.

దూరపు చేల సంగతి వేరు, అక్కడి నుంచి మందిరం దాకా ఎవరూ రాలేరు. సంఘంలోని కౌలు రైతు ఒకాయన తన చేను మూల నాలుగు సరివి కర్రలు పాతి, పాత పరదా పట్టా చుట్టి, లోపల గుంట తీసి, ఒక డ్రమ్ము నీళ్లు, మగ్గు, సబ్బు పెట్టాడు. పక్కన మట్టి కుప్ప పోశాడు, వెళ్లినవాళ్లు కప్పి రావడానికి. మొదటి రెండు రోజులు ఒక్కరు కూడా వెళ్లలేదు. అందరూ చూస్తుండగా అటు నడవడమే సిగ్గు. మూడో రోజు ముఠాలో అందరికంటే పెద్దావిడ లేచి, "నాకు సిగ్గుపడే వయసు దాటింది" అని వెళ్లింది. ఆ తరువాత అందరూ వెళ్లారు. వారం తిరగకముందే గాలికి ఆ పట్టా కొట్టుకుపోయింది. ఆయన మళ్లీ కట్టాడు. పక్క చేలవారు కొందరు నవ్వారు, ఒకరు మాత్రం వచ్చి కొలతలు చూసుకుని వెళ్లారు. అన్ని చేలల్లో ఇలా జరిగిందని చెప్పను, ఇంకా జరగవలసిందే ఎక్కువ ఉంది. కానీ ఆ చేలో నీళ్ల క్యాను మధ్యాహ్నానికే ఖాళీ అయిందని ఆయన వచ్చి చెప్పినప్పుడు, నాకు బోయజు పొలం గుర్తొచ్చింది.

ప్రియులారా, ఇది చదువుతున్న మీకు కొన్ని మాటలు.

చేను చేయించే సహోదరులారా, నీళ్లు పెట్టడంతో మీ బాధ్యత తీరిపోలేదు. ఒక మరుగు, చేతులు కడుక్కునే నీళ్లు, సబ్బు వేరుగా పెట్టండి. మధ్యాహ్నం కాసేపు మగవాళ్ల పని అవతలి వైపు ఉండేలా చూడండి. మేస్త్రిగా ఉన్న అక్కలారా, లేచి వెళ్లిన పిల్లను ఎక్కడికి పోయావని పదిమందిలో అడగకండి. దుకాణం, ఆసుపత్రి, బడి నడిపే విశ్వాసులారా, మీ దగ్గర పనిచేసేవారికి మరుగుదొడ్డి తాళం చెవి అడిగి తీసుకునే పరిస్థితి ఉందేమో ఈ రోజే చూడండి. ఇంటి పనికి వచ్చే అమ్మను మీ ఇంట్లో మరుగుదొడ్డి వాడుకోనిస్తున్నారా? ఆమే దాన్ని కడుగుతుంది కదా. హైదరాబాదులో, గల్ఫ్‌లో పనిచేస్తూ ఇది చదువుతున్న మన బిడ్డలారా, మీ కష్టం కూడా మాకు రాయండి. పేరు బయటపెట్టకుండా ప్రార్థిస్తాం.

కూలికి వెళ్లే నా అక్కచెల్లెళ్లారా, నీళ్లు తాగండి. మూత్రంలో మంట, నడుము నొప్పి, చలిజ్వరం వస్తే ప్రార్థన చేయించుకోండి, అదే రోజు డాక్టరు దగ్గరకూ వెళ్లండి. పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ గుంపులో దాక్కుని వచ్చి వస్త్రం ముట్టింది. ప్రభువు ఆమె జబ్బు మాట విని ముఖం తిప్పుకోలేదు. అందరి ముందూ కుమారీ అని పిలిచాడు. మీ శరీరం గురించి ఆయనతో మాట్లాడటానికి మీరు సిగ్గుపడనక్కరలేదు.

పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక 12వ అధ్యాయంలో, శరీరంలో తక్కువవని మనం అనుకునే అవయవాలకే ఎక్కువ ఘనత ఇస్తామని రాశాడు. సంఘం క్రీస్తు శరీరం. ఆ శరీరంలో ఒకామె దాహంతో పళ్లు బిగబట్టి చేలో వంగి ఉంటే, ఆ నొప్పి మనందరిదీ.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, మట్టితో మమ్మల్ని చేసి, మా అవసరాలు ఎరిగినవాడవు నీవే. చేలల్లో, దుకాణాల్లో, బండ్ల మీద, పరాయి ఇళ్లలో పనిచేసే నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో. అడగలేక ఆపుకుంటున్నవారి బాధ మా చెవిన పడనివ్వు. యజమానులమైన మాకు బోయజు మనసు ఇవ్వు. జబ్బుపడిన మా సహోదరికి పూర్తి స్వస్థత ఇచ్చి, ఆమె అప్పు తీరే మార్గం చూపించు. మా మందిరంలో, మా పొలాల్లో నీవు సంచరించి, సిగ్గు కలిగించేది ఏదీ నీకు కనబడకుండా మమ్మల్ని సిద్ధపరచు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.